కాలెండ్యులా పెంపకం, విత్తనం నుంచి మళ్ళీ విత్తనం దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలెండ్యులా తేలిగ్గా పెరిగే పువ్వు అంటారు. నిజమే. అయినా మొదటిసారి వేసినవాళ్ళలో చాలామంది దగ్గర ఇది మొండికేస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: దీన్ని బంతి అనుకుని వేస్తారు. బంతికి నచ్చే వేడి దీనికి గిట్టదు. కింది ప్రశ్నల్లో సగం ఆ ఒక్క పొరపాటు చుట్టూ తిరిగేవే.

కాలెండ్యులా, బంతి ఒకటి కాదా? ఇంగ్లిష్‌లో రెండింటినీ మేరీగోల్డ్ అనే అంటారు కదా?

ఒకటి కాదు. ఇంగ్లిష్ పేరు కలవడం వల్ల వచ్చిన తంటా ఇది. కాలెండ్యులాను ఇంగ్లిష్ వాళ్ళు పాట్ మేరీగోల్డ్ అంటారు. ఆ 'పాట్' పూలకుండీ కాదు, వంటపాత్ర. ఒకప్పుడు రేకులను వంటల్లో వేసేవారు కాబట్టి ఆ పేరు. రెండు మొక్కలూ చామంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబంలోవే కానీ పుట్టిళ్ళు వేరు. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది, కాలెండ్యులాది మధ్యధరా సముద్రపు చుట్టుపక్కల నేల.

పక్కపక్కన పెడితే ఎవరైనా గుర్తుపడతారు. బంతి ఆకు ఈకలా చీలికలు చీలికలుగా ఉంటుంది, నలిపితే గుప్పున వాసన కొడుతుంది. కాలెండ్యులా ఆకు చీలికల్లేకుండా నాలుకలా పొడుగ్గా, సన్నని నూగుతో, పట్టుకుంటే కాస్త జిగురుగా ఉంటుంది. విత్తనాలకైతే పోలికే లేదు. బంతి విత్తనం నల్లటి సన్నని పుల్ల. కాలెండ్యులా విత్తనం ఎలా ఉంటుందో తర్వాతి ప్రశ్నలో చూడండి.

శాస్త్రీయ నామం కాలెండ్యులా అఫిసినాలిస్. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు. మొదటి మాట లాటిన్‌లో నెల మొదటి రోజుకు ఉన్న పేరు నుంచి వచ్చింది, 'క్యాలెండర్' అన్న మాటదీ అదే వేరు. రెండో మాటకు మందుల కొట్లో ఉండేది అని అర్థం. ప్యాకెట్ కొనేటప్పుడు ఈ శాస్త్రీయ నామం ఉందో లేదో చూసుకోండి. మేరీగోల్డ్ అని మాత్రమే ఉంటే లోపల ఏది ఉందో చెప్పలేం.

ప్యాకెట్ విప్పితే ఎండిపోయిన పురుగుల్లా ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కో ఆకారం. పాడైన విత్తనాలా?

కాదు, అవి అలాగే ఉంటాయి. ఒకే పువ్వు మూడు రకాల విత్తనాలు కాస్తుంది. అరచేతిలో పోసుకుని చూడండి. కొన్ని కొడవలిలా పొడుగ్గా వంగి, వీపు మీద ముళ్ళలాంటి గరుకుతో ఉంటాయి. కొన్నిటికి రెండు వైపులా పలచని అంచులు లేచి చిన్న పడవల్లా కనిపిస్తాయి. ఇంకొన్ని చిన్నగా, గుండ్రంగా చుట్టుకున్న గొంగళిపురుగుల్లా ఉంటాయి. పడవలు గాలికి కొంచెం దూరం పోవడానికి, కొక్కేలు దారిన పోయే జంతువు బొచ్చుకు తగులుకోవడానికి, చుట్టుకున్నవి తల్లి మొక్క కిందే పడి మొలవడానికి పనికొస్తాయి. మూడూ మొలుస్తాయి. చిన్నవి తాలు అనుకుని ఏరి పారేయకండి. వేలితో నొక్కితే పొట్టులా చితికిపోయేవే తాలు.

గ్రాముకు సుమారు 100 విత్తనాలు వస్తాయి. చిన్న మడికి ఒక ప్యాకెట్ ఎక్కువే.

ఎప్పుడు విత్తాలి? నెల పేరు చెబితే చాలు.

నెల పేరు చెబితే చదివేవాళ్ళలో సగం మందికి తప్పవుతుంది. ఉష్ణోగ్రత చెబుతాను. నేల 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు బాగా మొలుస్తుంది. 25 దాటేకొద్దీ మొలక తగ్గుతుంది. మొక్క పెరిగాక కూడా చల్లటి రాత్రి, తేలికపాటి ఎండ ఉంటేనే నిండుగా పూస్తుంది. పగలు 30 దాటితే పువ్వు చిన్నదవుతుంది, ఆ తర్వాత మొగ్గ వేయడమే తగ్గిపోతుంది.

కాబట్టి గడ్డకట్టే చలి ఉండే చోట చలి చివరికొచ్చి నేల తవ్వడానికి వీలైన రోజుల్లో విత్తండి. తేలికపాటి మంచుకు ఈ మొక్క భయపడదు, సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందికి దిగినా తట్టుకుంటుంది. చలికాలం తేలిగ్గా గడిచే చోట వానలు వెనకబట్టి రాత్రులు చల్లబడ్డాక విత్తండి, చలి రోజులన్నీ పూలు చూస్తారు. విత్తనం నుంచి మొదటి పువ్వుకు సుమారు 50 నుంచి 60 రోజులు పడుతుంది. మీ దగ్గర ఎండలు ఎప్పుడు ముదురుతాయో గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి కనీసం నాలుగు నెలలు వెనక్కి లెక్కేసుకోండి. రెండు నెలలు పెరగడానికి, రెండు నెలలు పూయడానికి.

మొత్తం ఒకేసారి విత్తేయకుండా మూడు వారాల తేడాతో రెండు విడతలు వేయడం నాకు అలవాటు. మొదటి విడత అలిసిపోయే సరికి రెండోది అందుకుంటుంది.

నేరుగా మడిలో వేయాలా, నారు పోసి నాటాలా?

రెండూ కుదురుతాయి. వీలుంటే మడిలోనే వేయండి. విత్తనం పెద్దది, మొలక బలంగా వస్తుంది, నారు పెంచి నాటేంత సుకుమారం కాదు. నత్తల బెడద ఉన్నా, నేల ఇంకా చల్లబడకపోయినా నారు మేలు. అప్పుడు ట్రేలో గుంటకు రెండు విత్తనాలు వేసి, బీజదళాలు (మొలకతో పాటు మొదట వచ్చే జంట ఆకులు) కాకుండా అసలు ఆకులు రెండు మూడు జతలు వచ్చాక నాటండి. అంతకంటే ఆలస్యం చేస్తే వేరు గుంటలో చుట్టలు చుట్టుకుని, నాటాక చాలా రోజులు మొక్క కదలకుండా కూర్చుంటుంది.

ఎంత లోతులో వేయాలి? విత్తనం పైపైన చల్లితే సరిపోదా?

సరిపోదు. నేను మొదటిసారి చేసిన తప్పు అదే. మట్టి మీద చల్లి, నీళ్ళు చిలకరించి వదిలేశాను. వేళ్ళ మీద లెక్కపెట్టే మొలకలు వచ్చాయి, అవీ నీళ్ళకు కొట్టుకుపోయి మట్టిపెళ్ళల సందుల్లో పడినవే. ఈ విత్తనానికి చీకటి కావాలి. వెలుతురు సోకితే మొలక మందగిస్తుంది.

చేసే పద్ధతి ఇదీ. మట్టిని వేళ్ళతో పొడి చేసి చదును చేయండి. పెన్సిల్‌తో అర అంగుళం లోతున గీత గీయండి. ఆ గీతలో ముందుగా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. రెండేసి అంగుళాలకు ఒక విత్తనం వేసి, పొడి మట్టి కప్పి, అరచేత్తో నొక్కండి. విత్తనం వంకర టింకరగా ఉంటుంది కాబట్టి అలా నొక్కకపోతే దాని చుట్టూ గాలి మిగిలిపోయి తడి అంటదు. కింద ముందే తడి ఉంది కాబట్టి పైన మరీ పోయక్కర్లేదు. మట్టి పెచ్చుకట్టే రకమైతే పైన కప్పడానికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) గానీ జల్లించిన కంపోస్ట్ గానీ వాడండి.

విత్తనాలు నానబెట్టాలా?

అవసరం లేదు. పాత విత్తనమైతే రాత్రంతా నానబెట్టినా తప్పు లేదు, కానీ పొద్దున్నే విత్తేయాలి.

పది రోజులైంది, ఒక్క మొలకా లేదు. తవ్వి చూడనా?

తవ్వకండి. మామూలుగా 7 నుంచి 14 రోజులు పడుతుంది, చల్లటి నేలలో ఇంకొన్ని రోజులు ఆగాల్సి రావచ్చు. రెండు వారాలు దాటినా చప్పుడు లేకపోతే మూడు విషయాలు చూడండి. నేల మరీ వేడిగా ఉందా? మధ్యలో ఒక రోజు మట్టి పూర్తిగా ఎండిపోయిందా? విత్తనం ఎప్పటిది? పొడిగా, చల్లగా దాచిన విత్తనం నాలుగైదేళ్ళు బతుకుతుంది, వేడిలో పడి ఉన్నది ఏడాదికే నీరసపడుతుంది. అనుమానంగా ఉంటే పది విత్తనాలను తడి గుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, చల్లటి మూల ఉంచండి. రెండు వారాల్లో ఆరు మొలిచినా విత్తనం మంచిదే, లోపం మడిలో ఉంది.

మొలకలు వచ్చాయి కానీ సన్నగా సాగి, మొదలు దగ్గర నల్లబడి పడిపోతున్నాయి.

ఇవి రెండు జబ్బులు. సాగిపోవడం వెలుతురు చాలక. కిటికీ లోపల పెట్టిన ట్రేలతో ఇదే గొడవ. మొలక కనిపించిన రోజే బయటి వెలుతురులోకి మార్చండి. మొదలు నల్లబడి పడిపోవడం నారుకుళ్ళు తెగులు. తడి ఎక్కువై, గాలి తక్కువైతే వస్తుంది. పడిపోయినవి ఇక లేవవు, తీసేయండి. మిగిలినవాటికి పైనుంచి నీళ్ళు ఆపి, ట్రే కింద పళ్ళెంలో పోసి పీల్చుకోనివ్వండి. నారు మరీ ఒత్తుగా ఉంటే కొన్నింటిని కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలి?

జానెడు నుంచి అడుగు. బెత్తెడు ఎత్తు వచ్చాక బలహీనంగా ఉన్నవి తీసేసి ఈ ఎడం ఇవ్వండి. బాగా మొలిచిన మొక్కను తీసేయాలంటే చేయి రాదు, తెలుసు. కానీ ఇప్పుడు జాలిపడితే, ఇరుకైన మడి తర్వాత బూడిద తెగులుతో (ఆకు మీద తెల్లటి పిండిలా పట్టే జబ్బు) లెక్క సరిచేస్తుంది. తీసిన మొక్కలను వేరు మట్టితో సహా లేపగలిగితే వేరే చోట నాటుకోవచ్చు, సాయంత్రం పూట నాటితే చాలావరకు బతుకుతాయి.

ఎలాంటి మట్టి? ఏ ఎరువు వేయాలి?

నీళ్ళు నిలవని ఏ మట్టైనా సరే. పీహెచ్ (మట్టి పులుపు, క్షారం చెప్పే కొలత) 6 నుంచి 7 మధ్య ఉంటే బాగుంటుంది, అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది. బంకమట్టి అయితే మడిని చుట్టుపక్కల నేల కంటే బెత్తెడు ఎత్తు లేపండి. విత్తే ముందు బాగా చివికిన పశువుల ఎరువో కంపోస్టో ఒక వేలి మందాన పరిచి కలిపేస్తే ఆ పంటకు అది చాలు.

ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది, పువ్వు మాత్రం లేదు అని నాతో మొరపెట్టుకున్న ప్రతి ఒక్కరినీ నేను అడిగే మొదటి ప్రశ్న యూరియా వేశారా అని. యూరియాలో ఉండే నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీదే పడుతుంది. ఆకు మెత్తబడి, రసం పీల్చే పేనుబంక పురుగులను కూడా పిలుస్తుంది. ఈ విషయంలో కాస్త పిసినారిగా ఉండండి.

ఎంత ఎండ కావాలి?

రోజుకు ఆరు గంటలు. ఎండ తీవ్రంగా ఉండే చోట పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం తర్వాత నీడ పడే స్థలం చూడండి.

నీళ్ళ సంగతి?

నారు దశలో మట్టి ఆరనివ్వకండి. మొక్క నిలదొక్కుకున్నాక పై అంగుళం మట్టి పొడిబారాక పోస్తే చాలు. పోసేటప్పుడు మొక్క మొదలు దగ్గర పోయండి, ఆకుల మీద కాదు. సాయంత్రం ఆకులు తడిస్తే రాత్రంతా తడి ఆరక తెగుళ్ళు వస్తాయి. మధ్యాహ్నం ఆకులు కాస్త వాలితే కంగారుపడి పైపు అందుకోకండి. పొద్దుగూకాక తేరుకుంటే అది దాహం కాదు, ఎండకు సొమ్మసిల్లడం. తెల్లవారేసరికి కూడా వాలే ఉంటే అప్పుడు మట్టిలో వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే నీళ్ళు పోయండి. తడిగా ఉండీ వాలితే వేరుకుళ్ళు మొదలైందేమో అనుమానించాలి.

కొస తుంచాలా?

జానెడు లోపు ఎత్తులో, నాలుగైదు జతల ఆకులు వచ్చాక, పైకొసను గోళ్ళతో ఒక్కసారి తుంచండి. మొదటి పువ్వు వారం పది రోజులు ఆలస్యమవుతుంది, కానీ పక్క కొమ్మలు లేచి గుబురవుతుంది. పొట్టి రకాలకు ఇది అక్కర్లేదు, వాటంతటవే గుబురుగా వస్తాయి.

ఏ రకం వేసుకోవాలి?

కుండీకి, మడి అంచుకు ఫియెస్టా గిటానా లాంటి పొట్టి రకం. అడుగు ఎత్తుకు మించి పెద్దగా లేవదు. కోసి నీళ్ళలో పెట్టుకోవడానికి పసిఫిక్ బ్యూటీ, ఇండియన్ ప్రిన్స్ లాంటి పొడుగు కాడలవి. ఇండియన్ ప్రిన్స్ రేకుల వెనక ముదురు ఎరుపు జీర ఉంటుంది, మొగ్గ సగం విచ్చుకున్నప్పుడు చూడాలి దాని అందం. నూనెలో వేసి మందుగా వాడుకోవాలనుకునేవాళ్ళు రెసీనా వేస్తారు. పువ్వు చూడ్డానికి మామూలుగా, ఒంటి వరసగా ఉంటుంది, జిగురు మాత్రం దండిగా ఉంటుంది. మొదటిసారి అయితే ఏదో ఒక నారింజ రంగు మామూలు రకం తీసుకోండి, అరుదైన లేతరంగు రకాలు రెండో ఏడాదికి ఉంచుకోండి.

కుండీలో వస్తుందా?

వస్తుంది. ఎనిమిది అంగుళాల లోతు, అడుగున చిల్లులు ఉండాలి. ఒక కుండీకి ఒక మొక్క. కుండీ మట్టి తొందరగా వేడెక్కుతుంది కాబట్టి ఎండలు పెరిగేకొద్దీ కుండీని నీడ వైపు జరుపుతూ ఉండండి.

వాడిన పూలు తీసేయకపోతే ఏమవుతుంది?

పూత ఆగిపోతుంది. మొక్క పని విత్తనం చేయడం. అది అయిపోయిందనిపిస్తే కొత్త మొగ్గలు వేయాల్సిన అవసరం దానికి లేదు. రెండు మూడు రోజులకోసారి వాడిన పువ్వును కింది ఆకు కణుపు దాకా తీసేయండి. తల ఒక్కటే తుంచితే మోడు కాడలు మిగిలి మొక్క అసహ్యంగా కనిపిస్తుంది.

సాయంత్రానికి పూలన్నీ ముడుచుకుపోతున్నాయి. నీళ్ళు చాలకా?

కాదు, దాని అలవాటే అంత. రాత్రి, మబ్బు పట్టిన రోజు రేకులు పైకి లేచి మూసుకుంటాయి, ఎండ రాగానే విచ్చుకుంటాయి. చీకటి పడ్డాక తోట చూడ్డానికి వచ్చే చుట్టాలకు చూపించే పువ్వు మాత్రం కాదు.

కొసల్లో సన్నటి పురుగులు గుంపుగా ఉన్నాయి. ఏ మందు కొట్టాలి?

అది పేనుబంక. ముందు నీళ్ళు గట్టిగా కొట్టి రాల్చండి, రెండు మూడు రోజులు వరసగా. తగ్గకపోతే లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం, పూల మీద పడకుండా, ఆకుల అడుగున కొట్టండి. దానికి ముందు ఒక్క నిమిషం వంగి చూడండి. పేనుబంక మధ్యలో కాళ్ళు లేని చిన్న పచ్చటి పురుగు పాకుతుంటే అది పూల ఈగ పిల్ల కావచ్చు. దాని తిండి పేనుబంకే. అవి కనిపిస్తే మందు మానేసి వాటి పని వాటిని చేసుకోనివ్వండి. కాలెండ్యులా పూల తేనె కోసం ఆ ఈగలు వస్తాయి కాబట్టే కూరగాయల మళ్ళ గట్ల మీద దీన్ని వేస్తారు.

ఆకు మీద తెల్లటి పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండే రోజుల్లో, మొక్కలు ఇరుకైన చోట వస్తుంది. పట్టిన ఆకులు తీసేసి గాలి ఆడనివ్వండి. సీజన్ చివర్లో వస్తే దానితో యుద్ధం అనవసరం, విత్తనం తీసుకుని మొక్క పీకేయండి. పువ్వే పచ్చగా ఆకుల్లా మారి, మొక్క పసుపుబారి గిడసబారితే అది దీపపు పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) జబ్బు. మందు లేదు. పీకి దూరంగా పారేయాలి, ఆలస్యం చేయకండి.

నేలలోని నులిపురుగులను చంపుతుందని విన్నాను. టమాటాల పక్కన వేస్తే చాలా?

ఆ పేరు బంతిది. బంతి వేళ్ళలోని రసాయనానికి కొన్ని రకాల నులిపురుగులు అణుగుతాయి. పేర్లు కలిసిపోయి ఆ గొప్ప కాలెండ్యులా ఖాతాలో పడింది. నులిపురుగుల కోసమైతే బంతే వేయండి.

రేకులు తినొచ్చా? ఒంటికి రాసుకోవచ్చా?

రేకులు తినొచ్చు. రుచి పెద్దగా ఉండదు, కాస్త వగరు. రంగు కోసమే వేస్తారు, యూరప్‌లో జున్నుకు, వెన్నకు రంగు ఇవ్వడానికి వాడేవారు. అడుగున ఉన్న పచ్చటి భాగం చేదు, తీసేయండి. మందు కొట్టిన మొక్క పూలు, నర్సరీ నుంచి పూలతో సహా తెచ్చిన మొక్క పూలు తినకండి. చామంతి జాతి పూలు పడనివాళ్ళకు ఇదీ పడకపోవచ్చు. గర్భిణులు మందుగా లోపలికి తీసుకోకపోవడమే మంచిది.

ఎండబెట్టి దాచుకోవాలంటే ఎప్పుడు కోయాలి?

పొద్దున మంచు ఆరి, పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక. కోస్తుంటే వేళ్ళకు బంక అంటుకుంటుంది. అది సబ్బుకు అంత తేలిగ్గా పోదు, కొంచెం నూనె రాసి తుడిస్తే పోతుంది. ఆ బంక కోసమే మందు చేసేవాళ్ళు పువ్వును తలతో సహా కోస్తారు. నీడలో, గాలి ఆడేచోట ఒక వరసగా పరిచి ఆరబెట్టండి. రేకులు మూడు నాలుగు రోజుల్లోనే పెళపెళలాడతాయి. అది చూసి సీసాలో పెట్టేస్తే మోసపోతారు, నడిమి బొడ్డు లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. నా మొదటి సీసా అలాగే బూజు పట్టింది. బొడ్డును గోటితో విరిస్తే పుటుక్కుమనాలి, అప్పటిదాకా ఆగండి.

సొంత విత్తనం ఎలా తీసుకోవాలి?

తోటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. ఆరోగ్యంగా ఉన్న, మంచి రంగు పూసిన రెండు మూడు మొక్కలకు పూలు కోయడం ఆపేయండి. రేకులు వాడి రాలాక బొడ్డు చుట్టూ పచ్చటి కొక్కేలు ఒక వలయంగా లేస్తాయి. నడుమ మాత్రం ఖాళీగా ఎండిపోతుంది. పొద్దుతిరుగుడులో విత్తనం నడుమ ఉంటుంది, ఇక్కడ అంచున ఉంటుంది. ఎందుకంటే దీని నడిమి చిన్న పూలు పుప్పొడి మాత్రమే ఇస్తాయి, విత్తనం కట్టేవి అంచున రేకులున్న పూలే. అందుకే రేకుల వరసలు ఎక్కువున్న ముద్ద పువ్వు ఎక్కువ విత్తనం ఇస్తుంది.

పచ్చగా ఉన్నప్పుడు తొందరపడకండి. రెండు మూడు వారాల్లో వలయం లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. బొటనవేలితో తోస్తే ఒక్కో విత్తనం తేలిగ్గా ఊడి రావాలి. ఇంకా పట్టుకుంటే రెండు రోజులు ఆగండి. మరీ ఆగితే అవే రాలిపోతాయి. తీసినవి కాగితం మీద వారం రోజులు నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో వేసి, పైన రకం పేరు, తేదీ రాయండి. పచ్చిదనం ఉండగా ప్లాస్టిక్ కవర్లో వేయకండి.

దాచిన విత్తనం నుంచి అదే రంగు వస్తుందా?

తోటలో ఒకే రకం ఉంటే దాదాపు వస్తుంది. రెండు మూడు రకాలు ఉంటే తేనెటీగలు కలిపేస్తాయి. కొన్నేళ్ళకు చాలా తోటల్లో ముద్ద పూలు తగ్గి ఒంటి వరస నారింజ పూలు మిగులుతాయి. నచ్చని పువ్వు పూసిన మొక్కను విత్తనం కట్టకముందే తీసేస్తూ ఉంటే ఆ జారుడు నెమ్మదిస్తుంది.

ఎండలు ముదిరాయి, మొక్కలు వాడిపోయాయి. పీకేయాలా?

ఇది ఏకవార్షికం, ఎప్పటికైనా పోయేదే. రాత్రులు ఇంకా చల్లగా ఉంటే సగానికి కత్తిరించి నీళ్ళు పోసి చూడండి, రెండో విడత పూయవచ్చు. రాత్రులు కూడా ఉక్కపోస్తుంటే దాని మీద ఆశ వదులుకోండి. జబ్బు లేని మొక్కలను కంపోస్ట్ కుప్పలో వేయండి. ఆ మడిని అప్పుడే లోతుగా తవ్వేయకండి. రాలిన విత్తనాలు పైపొరలో ఉంటాయి, మళ్ళీ చల్లబడగానే కొన్ని వాటంతటవే మొలుస్తాయి. లేత ఆకు నాలుకలా ఉండి, నూగుతో జిగురుగా తగిలితే కలుపు అనుకుని పీకకండి.